భూపాల్ ఏరుకున్న కర్ర

విస్తరాకులో అన్నం చల్లారింది. గారెల మీద ఈగలు వాలుతున్నాయి.

కాకులు మాత్రం చెట్టు దిగడం లేదు.

కాళేశ్వరంలో, గోదావరి ఒడ్డున, భూపాల్ పదో రోజు కర్మ జరుగుతోంది. పోయినవాడికి ఇష్టమైనవి వండి పెట్టి, పిట్ట ముట్టే దాకా అందరూ దూరంగా నిలబడాలి. ముట్టకపోతే అతని మనసు ఇంకా ఎక్కడో చిక్కుకుని ఉందని నమ్మకం.

కొడుకు లేడు కనుక కర్మ చేస్తున్నది అన్న జగపతి. తమ్ముడి కూతురు మమతను చదివించే భారం తనదేనని చేతులు జోడించి చెప్పాడు. కాకులు కదలలేదు.

భూపాల్ మేనమామ ఒక సిగరెట్ వెలిగించి ఆకు పక్కన పెట్టాడు. అది చివరిదాకా కాలి బూడిదైంది.

భూపాల్ కాటారం నుంచి చేపలకని ఈ నదికే వచ్చాడు. మర్నాడు దిగువన దొరికాడు.

కాలు జారిందని కొందరన్నారు. కొందరు ఏమీ అనలేదు.

ఆ ఏమీ అననివాళ్లకే అతని భార్య అరుంధతి రోజూ జవాబు చెబుతూ వచ్చింది. పలకరింపుకు వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగింది.

"చావాలనుకున్నోడు గాలం కర్ర ఏరుకుంటడా?"

ఈ మధ్య భూపాల్ మాటలు తగ్గించిన మాట నిజమే. కానీ కర్రల దగ్గర కూర్చుంటే మాత్రం అతను మనిషయ్యేవాడు.

హైదరాబాద్ నుంచి రెండు ఫైబర్ కర్రలు తెప్పించుకున్నాడు. వాటికి పిడి లేదు, తాడు పోయే రింగులు లేవు. మొదలు దగ్గర బొటనవేలంత లావుండి, కొనకు వచ్చేసరికి అగ్గిపుల్లంత సన్నబడే ఉత్త గొట్టాలు. అందులో ఒకటి ఏరుకుని, మిగతావన్నీ తన చేత్తో కట్టుకుని, కోడి ఈకతో చేసిన దొంగ పురుగును ఎరగా నీళ్ల మీదికి విసరాలని అతని ఆశ.

ఈకకు బరువుండదు. దాన్ని అంత దూరం మోసుకుపోవాల్సింది కర్ర వంపూ, తాడూ.

తెల్లది మొదలు దాకా మెత్తగా వంగేది. నల్లది కొన దగ్గరే వంగి చటుక్కున లేచేది. మెత్తటిదైతే పురుగు నెమ్మదిగా వాలుతుందని ఒకరోజు అనేవాడు. గోదావరి గాలికి గట్టిదే ఆగుతుందని ఇంకోరోజు. కొనకు తాళంచెవుల గుత్తి వేలాడదీసి, పక్కకు జరిగి, ఒక కన్ను మూసి వంపు చూసేవాడు. అంతసేపూ మొదలు పట్టుకుని నిలబడడం అరుంధతి పని.

"పెండ్లిచూపులల్ల నన్ను గూడ గింతసేపు చూడలే నువ్వు" అని ఆమె దెప్పితే నవ్వేవాడు.

ఆ నవ్వును పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ నిలబడింది.

ఎండ ఎక్కుతోంది. దర్భతో పిట్టను చేసి ముట్టిద్దామనీ, అలా చేయవచ్చుననీ కర్మ చేయిస్తున్న అయ్యగారు మెల్లగా చెప్పారు.

అరుంధతి ఒప్పుకోలేదు. జగపతి వైపు తిరిగింది.

"ఆయన పానం కర్రల మీదున్నది బావా. ఏది ఏరుకున్నడో గది తెచ్చి పెట్టుండ్రి."

ఇంటికి ఫోన్ చేశారు. ఎప్పుడూ ఉండే తలుపు మూల కర్రలు లేవన్నారు.

జనానికి ఎడంగా నిలబడ్డ జాల్యా అప్పుడు కదిలాడు. తండా మనిషి. చేపలకు పోతే భూపాల్‌కు ఎప్పుడూ అతనే తోడు. బండికి కట్టి తెచ్చిన దుప్పటి చుట్టను ఇసుక మీద విప్పాడు.

రెండు కర్రలూ అందులో ఉన్నాయి.

జగపతి అతన్ని పక్కకు తీసుకుపోయి, ఇవి నీ దగ్గరికి ఎలా వచ్చాయని అడిగాడు.

"భూపాలన్ననే ఇచ్చిండు పటేలా. ఏటికి పోయిననాడు పొద్దున తండకొచ్చి."

"రెండు ఇచ్చిండా?"

"రెండు. నీకేది మంచిగనిపిస్తే గది కట్టుకో, ఇంకోటి ఎవలికన్న ఇయ్యి అన్నడు."

జాల్యా ఇసుక వైపు చూశాడు.

"నేను సంబురపడ్డ. ఎందుకిస్తున్నవని గూడ అడగలే."

జగపతి ఏదో అనబోయే లోపల అరుంధతి వాళ్ల దగ్గరికి వచ్చింది. ఇంటి మూలన ఉండాల్సినవి జాల్యా దగ్గరెందుకున్నాయని ఆమె అడగలేదు.

"ఆఖరికి ఏది ఏరుకున్నడు జాల్యా?"

జాల్యా జగపతి వైపు చూశాడు.

జగపతి కుడిచేతి వేలికి దర్భ ఉంగరం ఉంది. అది వేలికి ఉన్నంతసేపు అబద్ధం ఆడకూడదని అతని నాయిన నేర్పాడు. ఇన్నేళ్లలో ఎన్ని కర్మలు చేసినా ఆ మాట తప్పలేదు.

వంగి నల్ల కర్రను తీశాడు.

"గిదే అరుంధతీ. రింగులు కట్టుమని జాల్యాకు ఇచ్చి పోయిండట."

ఆమె దాన్ని రెండు చేతులా మొదలు దగ్గర పట్టుకుంది. తీసుకుపోయి ఆకు పక్కన పడుకోబెట్టింది. అందరూ వెనక్కి జరిగారు.

ఒక కాకి దిగింది.

కర్ర చుట్టూ గెంతింది. తల వంచి చూసింది. గారె ముక్క కరుచుకుని లేచిపోయింది.

ఎవరో శివనామం అన్నారు. అరుంధతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అన్నాళ్లుగా బిగబట్టిన ఏడుపు ఏడ్చింది. మేనమామ కళ్లు తుడుచుకుంటూ, తృప్తిగా పోయిండు అన్నాడు.

జగపతి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. కాకి జాల్యా మాట విని దిగిందో, తన మాట విని దిగిందో అతనికి తెలియలేదు.

నీళ్లలోకి దిగి, గోత్రమూ పేరూ చెప్పి దోసిలి వదలమన్నారు అయ్యగారు.

మోకాలి లోతులో నిలబడి జగపతి గోత్రం చెప్పాడు. పేరు దగ్గర, వేలికి ఉన్న దర్భ ఉంగరం కంటపడి ఆగిపోయాడు.

నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.

అయ్యగారు తొందర పెట్టలేదు. జగపతి వంగి మళ్లీ ముంచుకున్నాడు.