పిట్టలు రాని వీధి

"ఈ ఆట బయటికి పోదు," అన్నాడు కంపెనీ పెద్దాయన.

టీమ్ లీడరు కూర్చోలేదు. "మొన్న రంగులు బాలేవన్నారు, మార్చాం. అంతకుముందు కూతలు బాలేవన్నారు, మార్చాం. ఇప్పుడేం తక్కువైంది సార్?"

"ఇంకా పండలేదు."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే," అని వెనక గొణిగాడు బొమ్మలాయన. ఆటలోని పిట్టలన్నీ ఆయన గీసినవే. ప్రోగ్రాము రాసినవాణ్ణి అందరూ బుర్ర అంటారు. అతను దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగాడు.

ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళి ఆడాల్సిన ఆట అది. కెమెరా తెరిస్తే ఎదురుగా ఉన్న నిజం గోడ మీద, నిజం కిటికీ మీద పిట్ట వాలి కనిపిస్తుంది. తెర మీద వేలితో గింజలు చల్లాలి. మిగతా ఆటల్లో ఎవరి పిట్టలు వాళ్ళవి. ఇందులో ఊరంతటికీ ఒకటే మంద. గింజలు ఎక్కడ ఎక్కువ పడితే మంద అక్కడికి పోతుంది. అక్కడుంటే ఇంకెక్కడా ఉండదు. ఇలాంటిది ఇంకెవరూ చేయలేదని టీముకి గర్వం. ఉండదగ్గ గర్వమే.

"పదండి సార్ వీధిలోకి," అంది లీడరు. "ఒక్క తప్పు చూపించండి. చూపిస్తే టీమ్ మొత్తం రాజీనామా చేస్తాం."

"మొత్తమా అక్కా?" అన్నాడు బుర్ర.

"నోర్మూసుకో."

ఆఫీసు ముందు ఎండ మండుతోంది. విడుదలకు సిద్ధం చేసిన అసలు ఆటను లీడరు ఆ ఉదయమే తన ఫోనులోకి ఎక్కించుకుంది. కెమెరా గోడకేసి పట్టింది. గోడే ఉంది. కరెంటు తీగకేసి పట్టింది. తీగే ఉంది. మలుపు దాకా నడిచారు. బస్ షెల్టరు మీద లేవు, దుకాణాల బోర్డుల మీద లేవు. ఆమె ఫోను ఎత్తి పట్టుకుని చూరులన్నీ వెతుకుతుంటే టైలరు తల బయటికి పెట్టాడు.

"ఏం పారేసుకున్నారమ్మా?"

"పిట్టల్ని."

టైలరు ఆమెను ఎగాదిగా చూసి మళ్ళీ మిషను తొక్కుకున్నాడు.

"మీలో ఒక్కరైనా ఈ ఆట వీధిలో ఆడారా?" అని అడిగాడు పెద్దాయన.

నడిచి ఆడే ఆటను వాళ్ళు కూర్చుని కట్టారు. 'నువ్వు ఫలానా వీధిలో ఉన్నావు' అని ఫోనుకి అబద్ధం చెప్పి, కుర్చీలోంచి లేవకుండా పరీక్షలు చేశారు. అదైనా ప్రయోగాలకని విడిగా పెట్టుకున్న కాపీలో. అసలు ఆటలో ఒక్క గింజ వేసిన పాపాన పోలేదు.

"పండలేదని ఊరికే అన్నానా? పదండి, ఎండ," అని పెద్దాయన వెనక్కి తిరిగాడు.

బుర్ర నీడలోకి జరిగి తన ఫోనులో మ్యాపు తెరిచాడు. "అక్కా, ఆగు. మంద చావలేదు. మొత్తం ఒకేచోట ఉంది. బస్ డిపో వెనక."

"అక్కడేం పని వాటికి?"

"ఎవరో గింజలు వేస్తున్నారు. రోజూ. విడవకుండా."

"ఇంకా ఎవరికీ ఇవ్వనిదే!"

"అయితే కాజేశారు," అన్నాడు బొమ్మలాయన. ఆయన ముఖం ఎర్రబడింది. "నా పిట్టల్ని!"

"వదిలేయండి. రేపు చూద్దాం," అన్నాడు పెద్దాయన.

"మీకేం సార్, వదిలేయమంటారు. గీసింది మీరా?"

ముగ్గురూ విసవిసా నడిచారు. పెద్దాయన వెనకబడ్డాడు.

డిపో వెనక ఒక మేడ. గేటుకు తాళం. లీడరు ఫోను ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

గేటు నిండా పిట్టలు. పిట్టగోడ నిండా పిట్టలు. కిటికీ చువ్వల మధ్య, ఆరేసిన తువ్వాలు మీద, నీళ్ళ పంపు మీద. కొన్ని తోసుకుంటున్నాయి, కొన్ని రెక్కల్లో ముక్కు దూర్చుకుని ఉన్నాయి. తాము చేసినదాన్ని ముగ్గురూ మొదటిసారి చూశారు.

"నీడ చూడండిరా," అన్నాడు బొమ్మలాయన. కళ్ళు తుడుచుకున్నాడు. "తువ్వాలు నీడ ఎటుంటే పిట్ట నీడా అటే పడింది."

"మరి రాసిందెవరనుకున్నావ్, బాబాయ్?" అన్నాడు బుర్ర. అతనూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అంతలో లీడరుకి కోపం గుర్తొచ్చింది. గేటు పట్టుకుని ఊపింది. "ఎవరయ్యా లోపల? బయటికి రా! దొంగతనంగా ఆడుకోవడానికి సిగ్గులేదూ?"

"లోపల ఎవరూ లేరు," అన్నాడు అప్పుడే వచ్చిన పెద్దాయన. జేబులోంచి తాళంచెవి తీశాడు.

విడుదలకు ముందు చూడమని అసలు ఆట ఎక్కించి ఇచ్చింది ఆయన ఒక్కడికే. ఆయన దాన్ని తెరుస్తాడని కూడా వాళ్ళెవరూ అనుకోలేదు.

"తలుపు మెల్లగా తియ్యాలి," అన్నాడు ఆయన. "చప్పుడైతే బెదురుతాయి."

లోపల భోజనాల బల్ల చుట్టూ కుర్చీలున్నాయి. ఒక్క కుర్చీ మీదే దుమ్ము లేదు. ఫోనులో చూస్తే, దానికి ఎదురు కుర్చీ వీపు మీద ఎర్రముక్కు పిట్ట ఒకటి కూర్చుని, బొమ్మలాయన గీసినట్టే తల పక్కకు వాల్చి చూస్తోంది.

లీడరు గుండె పొంగింది. కంపెనీలో అందరి పనికీ వంకలు పెట్టే మనిషి వాళ్ళ పిట్టలకు తలుపు మెల్లగా తీస్తున్నాడు. ఇంతకంటే పెద్ద మెప్పు ఏ ఆటకీ రాదు.

"ఇంత బాగుందని తెలిసి కూడా ఎందుకాపారు సార్?"

పెద్దాయన దుమ్ములేని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రేపు ఊరంతా గింజలు వేస్తే, ఇవి మా ఇంటికి ఎందుకొస్తాయమ్మా?"