వాలు చెవుల కూన

మూడో కూనకు చెవులు నిలబడడం లేదు.

ఆమె నెల రోజులుగా వాటికి పట్టీలు వేస్తూనే ఉంది. అది పీకేసుకుంటూనే ఉంది.

మేడమీది రెండు గదుల్లో ఆమె పెంచేవి పాపిలాన్ కుక్కలు. పిల్లి కన్నా పెద్దవి కావు. పట్టులాంటి జుట్టు, వీపు మీదికి వంగిన కుచ్చుతోక, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా నిక్కిన చెవులు. ఆ చెవుల కోసమే జనం ఎగబడతారు.

ఈ ఈతలో రెండు కూనలు అమ్ముడుపోయాయి. మూడోదాన్ని చూసినవాళ్లంతా పెదవి విరిచారు.

ఆ పొద్దున మళ్లీ పట్టీ అతికిస్తుంటే తలుపు చప్పుడైంది. మోచేతుల దగ్గర అతుకులేసిన కోటుతో ఒక పెద్దాయన.

"కూనలున్నాయని విన్నానమ్మా."

"ఒక్కటే మిగిలింది. చెవుల్లో లోపముంది. ముందే చెప్తున్నా."

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. కూన వాసన చూసి, బూటు లేసు కొరికి, ఒళ్లోకెక్కి కూర్చుంది.

"దీనికి కొత్తా పాతా లేదు. అందరి ఒళ్లూ దానివే" అంది ఆమె విసుగ్గా.

"అలాగని మెతకది కాదమ్మా. గుమ్మంలో ఈగ వాలినా ఇల్లంతా లేపుతుంది. ఎక్కడో దొరసానుల ఒళ్లలో పెరిగిన జాతి. ఆ కాలం బొమ్మల్లో చూడండి, చెవులు వాలే ఉంటాయి. నిక్కినవి తర్వాతొచ్చాయి. ఇది లోపం కాదు, ముత్తవ్వ పోలిక. ఆ పట్టీ తీసెయ్యండి."

పొద్దుటినుంచీ ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదు.

"బాబాయిగారూ, పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా. తాతకు దగ్గులు నేర్పకండి."

ఆయన నొచ్చుకోలేదు. "మరి దీన్నేం చేస్తారు?"

"అడిగినవాళ్లకిచ్చి చేతులు దులుపుకుంటా. మీకు కావాలా?"

"ఇక నావల్ల కాదమ్మా."

"మరెందుకండీ పని చెడగొడతారు?" ఆమె తలుపు తీసి పట్టుకుంది.

ఆయన మోకాళ్లు పట్టుకుని లేచాడు. కూన మెట్లదాకా వెంటపడింది. ఆమె దాన్ని ఎత్తుకొచ్చి మళ్లీ పట్టీ వేసింది.

పది రోజులకు పట్టీ కింద పుండు పడింది. కూనను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ మందు రాస్తూ, "వాలు చెవులకు పట్టీ ఎందుకు?" అంది.

"అతుకుల కోటు పెద్దాయన కూడా అదే అన్నాడు. ఎవరాయన?"

డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"ఈ జాతిని ఈ ఊరికి తెచ్చిందే ఆయన. మీ కుక్కల ముత్తవ్వ ఆయన చేతుల్లో పుట్టింది. మోకాళ్లు పోయి, మొన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇంట్లో వాలు చెవులవి ఏడుంటే, దూరపు ఊరివాళ్లెవరో వచ్చి పట్టుకెళ్లారు."

కూన ఆమె వేళ్లు నాకుతోంది.

"అవి మీకే ఇచ్చి వెళ్దామనుకున్నారు" అంది డాక్టరమ్మ. "వాలు చెవుల కూనను మీరెలా చూసుకుంటున్నారో ఒక్కసారి చూసొస్తానని ఆ రోజు ఇక్కడినుంచే మీ ఇంటికి బయల్దేరారు."