తెరచాప లైసెన్స్

"ఆలూ చిప్స్‌కి లైసెన్స్ ఎందుకండీ?" అంది లీల వంటగదిలోంచి.

"ఆలూ చిప్స్ కాదే, ఆల్చిప్పలు." దామోదర్ బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు. "లైసెన్స్ లేకుండా పట్టారో, చిప్పకూడే."

"జలుబండీ. చెవులు మూసుకుపోయాయి."

"నీ చెవులకి ఏడాది పొడుగునా జలుబే."

అది 1982. మేరీలాండ్‌లో పడవలకి లైసెన్సులిచ్చే ఆఫీసులో దామోదర్ ఉద్యోగం. ఆల్చిప్ప రుచి ఎరగడు, దాని చట్టం మాత్రం కంఠతా వచ్చు. అక్కడి అఖాతం అడుగున గీరి ఆల్చిప్పలు తీసే పడవ తెరచాపతోనే నడవాలి. వారంలో రెండు రోజులు మాత్రం వెనక నుంచి చిన్న మోటారు బోటుతో తోసుకోవచ్చు. మిగతా రోజుల్లో మోటారు చప్పుడు వినబడిందా, లైసెన్స్ చప్పున పోతుంది.

కెప్టెన్ ఎల్మర్ మీద అదే ఫిర్యాదు. తోసుకోకూడని గురువారం మోటారు వాడాడట. అది తేలేదాకా ఆ పడవ కాగితాలన్నీ ఆఫీసులోనే ఆగిపోయాయి.

ముసలాయన ఆఫీసుకొచ్చి కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. చేతులు పేనిన తాళ్లలా ఉన్నాయి. నోట్లో ముందు పళ్లు లేవు. మాట సగం బయటికొస్తే సగం గాలికిపోతుంది.

"సెయిలా, ఇంజనా?" అడిగాడు దామోదర్.

"సెయిలే. ఒట్టి ఇంజన్‌తో నాకేం ఒరుగుతుంది?"

దామోదర్ మనసు కరిగింది. ఈ రోజుల్లో ఇంత తెరచాప పిచ్చి ఎవరికుంది?

"పై ఆఫీసర్ ఒప్పుకోవాలి కెప్టెన్. నేను చూస్తాగా."

ఆ తర్వాత ఎల్మర్ ప్రతి వారం వచ్చాడు. బెంచీ మీద కూర్చునేవాడు. ఏం కావాలని అడిగితే ఒకటే మాట, "సెయిల్."

"శీతాకాలం రాకముందే తేల్చు అబ్బాయ్. ఇంక నావల్ల కాదు," అన్నాడు ఒకసారి.

ఎదురుచూపు తనవల్ల కాదంటున్నాడనుకున్నాడు దామోదర్. ఆ బెంచీ మీద ఎవరివల్లా కాదు మరి.

పై ఆఫీసర్ ససేమిరా అన్నాడు. దామోదర్ వదల్లేదు. ఫిర్యాదు చేసినవాణ్ణి వెతికి పట్టుకుని, వినబడింది పక్క పడవ మోటారని ఒప్పించాడు. చివరికి సంతకం పడింది. దామోదర్‌కి నడుం పడిపోయింది.

ఆదివారం లీలని కార్‌లో ఎక్కించుకుని రేవుకి డ్రైవ్ చేశాడు.

"ఇంటికి పోస్టులో పంపొచ్చుగా?"

"ఆయన మొహం చూడాలి నేను. ఒకసారి లైసెన్స్ రాశామంటే సీజన్ అయ్యేదాకా ఆ పడవ చేతులు మారడానికి వీల్లేదు. ఎవడూ లాక్కోలేడు."

పడవ రేవుకి కట్టేసి ఉంది. టోపీ పెట్టుకున్న ఒకతను దాన్ని టేపుతో కొలుస్తున్నాడు. తెరచాప కుట్టేవాడు కాబోలనుకున్నాడు దామోదర్. ఎల్మర్ చొక్కా ఇస్త్రీ చేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు.

"సాధించాను కెప్టెన్." దామోదర్ లైసెన్స్ చేతిలో పెట్టాడు. "ఈ సీజనంతా ఈ పడవ మీదే. వసంతం దాకా మీరే నడపాలి."

ఎల్మర్ కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. బోర్లించిన గంప మీద మెల్లగా కూర్చున్నాడు. టోపీ అతను టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అన్నాడు దామోదర్.

లీల పడవకి అవతలి వైపు వెళ్లింది. అక్కడ నీళ్ల వైపు ఒక చెక్క వేలాడుతోంది. దాని మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు. చదివింది. వెనక్కొచ్చింది. ముందు అక్కడున్నవాళ్లకి ఇంగ్లీషులో, తర్వాత మొగుడికి తెలుగులో, ముక్కు చీదుకుంటూ చెప్పింది.

"ఏవండీ, ఇన్ని వారాలూ ఆయన అడిగింది గాలికెత్తే సెయిల్ కాదు, అమ్మకానికి పెట్టే సేల్, ఆయనొచ్చింది తెరచాప కోసం కాదు, చాప చుట్టేయడానికి."