గుప్పెడు సొంత మట్టి

సముద్రం లంక గ్రామాలను మింగేసింది. మునిగిన ఊరి చిరునామా చెల్లదంటూ సర్కారు అక్కడివాళ్ల పౌరసత్వం కూడా కొట్టేసింది. ఇక వాళ్లకు దేశమని చెప్పుకోవడానికి మిగిలింది ఒక్క ఫుట్‌బాల్ జట్టే. దాని కోచ్ ఆదిలక్ష్మి.

గుర్తింపు లేని దేశాల కప్పులో ఈసారి వాళ్ల ప్రత్యర్థి స్వర్ణవిహార్ రిపబ్లిక్. అంటే, పన్ను కట్టడం ఇష్టంలేక తనను తాను దేశంగా ప్రకటించుకున్న గేటెడ్ కాలనీ. ఈమధ్య ఇలాంటి దేశాలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి.

ఆటకు ముందు ప్రతి జట్టూ తన నేల మట్టి గుప్పెడు తెచ్చి మైదానం నడుమ పోయాలి. కాలనీ అధ్యక్షుడు సూటు సర్దుకుని, పూలకుండీల్లో వేసే మట్టి ప్యాకెట్ చింపి పోశాడు. కాలనీ అంతా సిమెంటేనట మరి! పైగా దేశభక్తితో ఆయన కళ్లు చెమర్చాయి. నవ్వాలో ఉమ్మాలో ఆదిలక్ష్మికి తెలియలేదు.

ఆమె సీసా మూత తీసి ఉప్పునీళ్లు ఒంపింది.

“మట్టి పోయమంటే నీళ్లు పోస్తావేంటమ్మా?” అంటూ ఆయన బూట్లు తడవకుండా వెనక్కి జరిగాడు.

“ఆయ్, మా మట్టి దీని కిందే ఉందండి,” అంది ఆదిలక్ష్మి. “ఎంత వెనక్కి జరుగుతారు లెండి? మీ గేటు దాకా కూడా వచ్చేత్తాది.”