అవ్వ లేటెస్ట్ వెర్షన్

అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. సుకుమార్ వాళ్లకన్నా ఘనుడు. అతికించడానికి ఏకంగా సాఫ్ట్‌వేరే పెట్టుకున్నాడు.

పలమనేరులో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే ఈ మహానుభావుడికి సోమవారం వచ్చిందంటే చాలు, తాయమ్మ అవ్వకు ఒంట్లో బాగుండదు, ఇతనికి లీవు కావాలి. నిజానికి అలాంటి అవ్వ భూమ్మీదే లేదు. అయినా ఆమెకు బీపీ ఎంత, ఏ కాలు వాచింది, డాక్టరు ఏమన్నాడు, అన్నీ నోట్స్ యాప్‌లో ఉండేవి. ఫోన్‌లో రాస్తే లాప్‌టాప్‌లోకి, అక్కడ మారిస్తే ఇక్కడికి వచ్చేసేవి. ఏ అక్షరం ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ అనే సాఫ్ట్‌వేరు పేర్లతో సహా గుర్తుపెట్టుకునేది. పాపం, ఆఫీసు పని మీద అతనికి ఇంత శ్రద్ధ ఎన్నడూ లేదు.

శుక్రవారం మేనేజర్ మోహన్‌కృష్ణ ఫోన్ చేశాడు.

"ఏమప్పా సుకుమార్, రేపు తిరుమలకు పోతా ఉండా. దోవలోనే కదా మీ ఊరు. అవ్వను సూసి పోతా."

దొరికిపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇంతకన్నా చిన్న అబద్ధాలకే ఈ మధ్య ఇద్దరిని ఇంటికి పంపారు. సుకుమార్ పరుగున పోయి, అవ్వగా నటించమని పక్కింటి నిర్మలమ్మ కాళ్లు పట్టుకున్నాడు.

"దానికేం అబ్బోడా, పండుకుంటాలే," అందావిడ. "కానీ కాలునొప్పేందిరా, అల్లాటప్పాగా? గుండె అని పెట్టు, మర్యాదగా ఉంటాది."

"వద్దవ్వా! కాలే. ఎడమ కాలు."

మర్నాడు మోహన్‌కృష్ణ యాపిల్ పళ్లతో దిగాడు. నిర్మలమ్మ గొంతుదాకా దుప్పటి కప్పుకుని ఇల్లెగిరిపోయేలా మూలుగుతోంది. ఆయన మంచం పక్కనే కూర్చుని పోలీసులా అడగడం మొదలుపెట్టాడు. ఏ కాలు? ఎన్నాళ్ల నుంచి? ఏం మాత్రలు? సుకుమార్ ఫోన్ చూసుకుంటూ జవాబులు చెప్పాడు.

"గుండె కూడా దడదడ అంటాది నాయనా," అంది నిర్మలమ్మ, ఉండబట్టలేక.

సుకుమార్ గబగబా గుండెను కూడా నోట్స్‌లో చేర్చాడు.

"ఇన్ని ఎట్ల గుర్తుపెట్టుకుంటావప్పా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

గత్యంతరం లేక నోట్స్ చూపించాడు. మేనేజర్ కళ్లు చెమర్చాయి.

"నాకూ పంపప్పా. కొండమీద సామి ముందర అన్నీ సెప్పుకోని మొక్కుతా."

చదవడానికి మాత్రమే అనుమతివ్వాల్సింది. తొందరలో మార్చుకునే అనుమతి కూడా ఇచ్చేశాడు. మోహన్‌కృష్ణ అవ్వ చెంపకు చెంప ఆనించి సెల్ఫీ దిగి, కాళ్లకు దండం పెట్టి బయల్దేరాడు.

కారు మలుపు తిరగ్గానే సుకుమార్‌కు సిగ్గేసింది. ఛీ, ఇలాంటి దేవుడిలాంటి మనిషినా తాను మోసం చేసింది! సోమవారం నిజం చెప్పేసి క్షమాపణ అడగాలనుకున్నాడు. సాయంత్రం, ముందు ఆ తాయమ్మను చెరిపేద్దామని నోట్స్ తెరిచాడు.

అప్పటికే అందులో మనవడి పేరు దగ్గర 'సుకుమార్' తీసేసి 'మోహన్‌కృష్ణ' అని మార్చి, కింద ఒక ముక్క చేర్చి ఉంది: 'డైరెక్టర్ సార్‌కు ఫోటో పంపినా, లీవు ఇచ్చినారు.'