చెవుల్లేని బిస్కెట్

"మళ్ళీ అద్దానికి ముక్కు రాసుకుంటోంది. చూడు, తోలు కూడా లేచింది," అంది డార్లా, గాజుపెట్టె ముందు చతికిలబడి.

పెట్టెలో బిస్కెట్, కాళ్ళే లేకపోయినా, కాలు కాలిన పిల్లిలా ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతోంది. డార్లా పెళ్ళికి ముందునుంచీ పెంచుకుంటున్న కొండచిలువ అది. ఎలుకని ముట్టి నెల దాటింది.

ఆమె భర్త రేనాల్డ్‌కి రెండు దిగుళ్ళు, రెండూ ఒకేసారి చుట్టుకున్నాయి. ఒకటి ఇది. రెండోది శనివారం. ఆ రోజు అమ్మని వృద్ధాశ్రమంలో దింపాలి. ఇద్దరూ పనికి పోతే, ఇంట్లో ఒక్కతే ఉన్న మనిషి పడితే దిక్కెవరు? డార్లా మాట సబబే. అయినా తలుచుకుంటే అతని గుండె పీకుతోంది.

టక్, టక్, టక్. చెక్క నేల మీద కర్ర పొడుచుకుంటూ అమ్మ ఐలి వచ్చింది.

"తిందా, పాపం?"

"లేదమ్మా. నీ కర్రకి రబ్బరు తొడుగేదీ?"

"ఎక్కడ ఊడిపడిందో. నా మతి సంగతి తెలిసిందేగా."

డార్లా పాముల దుకాణం ఆవిడకి ఫోన్ చేసింది.

"పెట్టె ఎక్కడుంది?" అడిగిందావిడ.

"హాల్లో, టీవీ పక్కన."

"ఇంకేం మరి. పాముకి మనలా చెవులుండవు. నేల అదిరితే ఒళ్ళంతా చెవులే. అదురు లేని చోటికి మార్చండి."

వంటగదిలోకి మార్చారు. ఫ్రిజ్ గుర్రుమంటోందేమోనని పడగ్గదిలోకి మార్చారు. ఇంటి వెనక సరస్సు మీంచి వచ్చే గాలికి కిటికీ అదురుతోందేమోనని నడవాలోకి తెచ్చారు. ఎక్కడ పెట్టినా అదే తిరుగుడు. ఐలి మాత్రం మాటిమాటికీ టక్ టక్‌మంటూ వచ్చి చూసి, నిట్టూర్చి వెళ్ళేది.

"ఇన్నేళ్ళూ దీని మొహం చూడని మనిషి, ఇప్పుడెంత బెంగ పెట్టుకుందో," అని డార్లా కళ్ళు తుడుచుకుంది.

గురువారం ఐలియే అంది. "నా గదిలో పెట్టండి. ఎలాగూ శనివారం ఖాళీ అయ్యేదేగా."

పెట్టారు. ఆ రోజంతా ఐలి కుర్చీలోంచి లేవలేదు. భోజనానికి రాలేదు, కాఫీ కూడా అక్కడికే తెప్పించుకుంది. అలిగిందనుకున్నాడు రేనాల్డ్.

శుక్రవారం పొద్దున బిస్కెట్ చుట్ట చుట్టుకుని పడుకుంది. సాయంత్రం ఎలుకని మింగింది. డార్లా ఆనందంతో ఏడుస్తూ దుకాణం ఆవిడకి ఫోన్ చేసింది.

"ఇక ఆ గదిలో ఏదీ కదపొద్దు," అందావిడ. "కుర్చీ, దీపం, మనిషి, ఏదీ. మళ్ళీ మార్పు వస్తే మళ్ళీ పస్తే."

డార్లా ఆ ఫోన్ పెట్టేసింది. తర్వాత ఆశ్రమానికి ఫోన్ కలిపింది.

"రేపు రావడం లేదండీ. మా అత్తగారు ఇంట్లో లేకపోతే మా పాము తినదు. అవునండీ, పామే."

రేనాల్డ్ గుండె మీంచి బండ దిగింది. అమ్మకి తనే చెప్పాలని కాఫీ పట్టుకుని వెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది. ఐలి పెట్టె మీదికి వంగి మాట్లాడుతోంది.

"హాయిగా పడుకోవే తల్లీ. ఇంక నిన్నెవరూ లేపరు."

స్వెటర్ జేబులోంచి రబ్బరు తొడుగు తీసి కర్రకి తొడిగింది.