ఇవాళ్టి గుర్తుమాట

“ఇవాళ్టి గుర్తుమాట ఈ పిల్ల మర్చిపోయుంటే నా గతేంటి తల్లీ!” అని ఇంకా ఇల్లు చేరని కూతురి గురించి గొణుక్కుంటూ వరహాలమ్మ పులుసు కలుపుతోంది.

శత్రువుల మరమనుషులు మనవాళ్ల మొహాలు, గొంతులు పెట్టుకుని తిరుగుతున్నారని సర్కారు రోజూ పొద్దున్నే ఇంటికో మాట పంపుతోంది. అది చెప్పనివాళ్లకి తలుపు తీస్తే జైలే.

సైరన్ మోగింది. ఇక బయట కనబడ్డవాళ్లని గస్తీ డ్రోన్ కాల్చేస్తుంది.

“అమ్మా, తలుపు తియ్యవే! మాట గుర్తురావట్లేదు!” కూతురు హిమజ గొంతే.

“నా కూతురైతే మర్చిపోదు. పోవే దొంగదానా!” గడియ గట్టిగా పట్టుకుంది వరహాలమ్మ.

“పులుసు మాడుతోందే అమ్మా...”

వరహాలమ్మ స్టవ్ కట్టేసి వచ్చేలోపు బయట డ్రోన్ తుపాకీ పేలింది.

“మాణిక్యం వదినా!” అని ఎదురింటికి కేకేసింది. “తలుపు సందులోంచి చూశావుగా. అది మరమనిషేగా?”

 మూసిన తలుపు వెనకనుంచే మాణిక్యం అంది:

“రక్తం కారుతోంది వదినా.”